రెండు సీఎంఏలు, ఒక వేరియన్సు

ప్రశ్న: బీటెక్ చదివి నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో శాప్ ఫికో (కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో ఫైనాన్స్, ఖర్చుల లెక్కలు చూసే విభాగం) కన్సల్టెంట్‌గా చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌ను కంపెనీకి తగ్గట్టు అమర్చే కాన్ఫిగరేషన్ వచ్చు. కానీ క్లయింటు కాస్ట్ అకౌంటెంటు ‘ఈ వేరియన్సు ఎక్కడిది?’ అంటే, అంటే అనుకున్న ఖర్చుకూ, అయిన ఖర్చుకూ తేడా ఎందుకొచ్చిందని అడిగితే, నోరు పెగలదు. సీఏ చేయాలా, సీఎంఏ (కాస్ట్, మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ కోర్సు) చాలా?

జవాబు: సీఏ జోలికి వెళ్లకండి. డిగ్రీతో నేరుగా ఇంటర్‌లో (ఆ కోర్సు రెండో దశలో) చేరినా రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర శిక్షణ) తప్పదు, ఉద్యోగంలో ఉంటూ అది కుదరదు. పైగా అక్కడ పెద్దపీట ఆడిట్‌కూ, పన్నులకూ. మీకు అడ్డుపడుతున్నది కాస్టింగ్, అంటే తయారీ ఖర్చు లెక్క.

సీఎంఏ పేరుతో రెండు వేర్వేరు కోర్సులున్నాయి. క్లయింట్లు అమెరికా కంపెనీలైతే అక్కడి ఐఎంఏ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్స్) వారిది చూడండి: రెండే భాగాలు, ఒక్కోదానిలో 500కు 360 రావాలి, మొత్తం మూడేళ్లలో ముగించాలి. ఇక్కడి ఫ్యాక్టరీలైతే కోల్‌కతాలోని కాస్ట్ అకౌంటెంట్స్ ఇన్‌స్టిట్యూట్‌దే మేలు. డిగ్రీ ఉంది కాబట్టి నేరుగా ఇంటర్‌లో చేరవచ్చు. ఎనిమిది పేపర్లు, రెండు గ్రూపులు. పేపరుకు 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. చాలామంది బోల్తాపడేది ఆ 50 దగ్గరే. పరీక్షలు జూన్, డిసెంబర్‌లలో. ఏప్రిల్ 1న గో-లైవ్ (కొత్త సిస్టమ్ వాడకం మొదలు) ఉన్న ప్రాజెక్టులో ఉంటే జూన్ ఆశ వదులుకోండి.

ఫీజు కట్టేముందు ఒక లెక్క వేసి చూడండి. ఒక యూనిట్‌కు స్టాండర్డ్ (ముందే లెక్కగట్టుకున్న ముడిసరుకు) 10 కిలోలు, కిలో 50 రూపాయలు. వాడింది 11 కిలోలు, కొన్నది 48కి. పుస్తకం ప్రకారం ధరలో 22 లాభం, వాడకంలో 50 నష్టం, నికరంగా 28 నష్టం. సిస్టమ్‌లో ముడిసరుకును స్టాండర్డ్ ధరకు పెట్టి ఉంటే ప్రొడక్షన్ ఆర్డర్ (ఆ తయారీ ఖర్చు నమోదయ్యే చోటు) మీద 50 నష్టమే కనిపిస్తుంది. ధర తేడా సరుకు రసీదు వేసినప్పుడే ప్రైస్ డిఫరెన్స్ ఖాతాకు వెళ్లిపోయింది. మూవింగ్ యావరేజ్ (కొన్న ధరల సగటు) పెట్టి, స్టాకులో 48 ధరే ఉంటే ఆర్డర్ మీద 28 వస్తుంది. క్లయింటు అడుగుతున్నది చాలాసార్లు ఈ తేడానే. ఇది ఒక్కరే కూర్చుని తేల్చగలిగితే ఇంటర్ మొదటి గ్రూపులోని కాస్ట్ అకౌంటింగ్ పుస్తకం కొని చదివినా పని నడుస్తుంది. సర్టిఫికెట్ కావాలంటే అప్పుడు చేరండి.