ఐర్లాండ్ గురించి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

డబ్లిన్‌కు చదువుకోడానికి వెళ్తున్నానని, అక్కడి చరిత్ర, జీవితం తెలిసేందుకు పుస్తకాలు చెప్పమని అడిగారు. చాలామంది ముందుగా డబ్లిన్ రచయిత జేమ్స్ జాయిస్ పేరే చెబుతారు. 'డబ్లినర్స్' కథలు తప్పక చదవండి, కొరుకుడు పడని నవల 'యులిసిస్'కు మాత్రం తొందరేమీ లేదు.

కార్క్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను చదివినవాటిలో మొదటి స్థానం సెసిల్ వుడ్‌హామ్-స్మిత్ రాసిన 'ది గ్రేట్ హంగర్' (1962)కు ఇస్తాను. 1845లో అక్కడి పేదల ముఖ్య ఆహారమైన బంగాళాదుంపకు తెగులు సోకింది. ఆ తర్వాతి కొన్నేళ్లలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, ఇంచుమించు అంతమంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ ద్వీపం జనాభా ఇప్పటికీ కరువుకు ముందున్న స్థాయికి చేరలేదు. జనం ఆకలితో పడిపోతున్న రోజుల్లోనే ఆ దేశం నుంచి ధాన్యం ఎగుమతి అవుతూ వచ్చింది. వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది లండన్ ఖజానా అధికారి చార్లెస్ ట్రెవెల్యాన్ పట్టుదల. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చారు, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకూ పాలకుడయ్యారు. 1876-78 నాటి మన ధాత కరువు గురించి చదివినవాళ్లకు ఆ వాదన కొత్తగా అనిపించదు. రచయిత్రి ట్రెవెల్యాన్ ఒక్కడి మీదే ఎక్కువ నేరం మోపిందని తర్వాతి చరిత్రకారులు అన్నారు. అందులో కొంత న్యాయముంది. అయినా ఈ పుస్తకాన్ని పక్కన పెట్టలేం.

జీవితం తెలియాలంటే తొమాస్ ఓక్రోహన్ ఆత్మకథ 'ది ఐలాండ్‌మన్'. కెర్రీ తీరానికి అవతల గ్రేట్ బ్లాస్కెట్ దీవిలో చేపలు పట్టి బతికిన మనిషి ఐరిష్‌లో రాసుకున్నది ఇది, 1929లో అచ్చయింది. పగిలిన ఓడ నుంచి తేయాకు కొట్టుకొస్తే, అదేమిటో తెలియక లంగాలకు రంగు వేసుకున్నారట! కొడుకు కొండ అంచు నుంచి పడి చనిపోయిన సంగతి మాత్రం కొన్ని వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 1953లో ఆ దీవిని ఖాళీ చేయించారు. అదే దీవికి చెందిన పెగ్ సేయర్స్ ఆత్మకథ కూడా ఉంది కానీ, ఆ పేరెత్తగానే మా ఇంటి యజమానురాలు మొహం చిట్లించింది. బడిలో పాఠ్యపుస్తకంగా బలవంతంగా చదివించారట.

ఇటీవలి కాలానికి ఫింటన్ ఓటూల్ 'వీ డోంట్ నో అవర్‌సెల్వ్స్' (2021) చాలు. తాను పుట్టిన 1958 నుంచి దేశం చర్చి నీడలోంచి ఎలా బయటపడిందో చెబుతాడు. లావుపాటి పుస్తకమే, కానీ విసుగు పుట్టించదు. ఉత్తర ఐర్లాండ్ హింసకు పాట్రిక్ రాడెన్ కీఫ్ 'సే నథింగ్'. లిమరిక్ ఊళ్లో గడిచిన తన పేద బాల్యం గురించి ఫ్రాంక్ మెకోర్ట్ రాసిన 'ఏంజెలాస్ యాషెస్' గురించి మాత్రం ఆ ఊరివాళ్ల దగ్గర జాగ్రత్తగా మాట్లాడండి. తమ ఊరిని మరీ దరిద్రంగా చూపించాడని కొందరికి ఇంకా కోపం.

దొరికితే జేమ్స్, మార్గరెట్ కజిన్స్ దంపతుల 'వీ టూ టుగెదర్' (1950) వదలకండి. డబ్లిన్ సాహితీలోకం, స్త్రీల ఓటుహక్కు పోరాటం, జైలు, ఆ తర్వాత మన మదనపల్లె. 1919లో టాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించింది వాళ్లున్న ఆ ఊళ్లోనే.

ఇవన్నీ ఇక్కడ కొని మోసుకెళ్లనక్కర్లేదు. అక్కడి ప్రజా గ్రంథాలయాల్లో సభ్యత్వం ఉచితం, 2019 నుంచి ఆలస్య రుసుము కూడా లేదు. విమానంలోకి క్లెయిర్ కీగన్ 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' ఒక్కటి పెట్టుకోండి. చిన్న నవల, దిగేలోపు అయిపోతుంది.