జాషువా పాత ఛందస్సులోనే ఎందుకు రాశారు?

అంటరానితనాన్ని తనే అనుభవించి, దాని మీద అంత కోపం ఉన్న గుర్రం జాషువా లాంటి కవి ఉత్పలమాల, తేటగీతి లాంటి పాత పద్యాల్ని ఎందుకు పట్టుకున్నారు, అప్పటికే శ్రీశ్రీ వాళ్ళు పద్యాన్ని పక్కన పెట్టేశారు కదా అని ఒకరు అడిగారు. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు, గుంటూరులో ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. కానీ దీనికి జవాబు నాకు మా ఇంట్లోనే దొరికింది.

మాది నరసరావుపేట వైపు పల్లెటూరు. తాతయ్య హరిశ్చంద్రుడి వేషం కట్టేవాడు. నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారే అయినా కాటి సీను వచ్చిందంటే జాషువా 'శ్మశానవాటి' పద్యాలు పడాల్సిందే, లేకపోతే జనం ఊరుకోరు. 'ఇట నస్పృశ్యత సంచరించుటకు దావే లేదు' అని తాతయ్య రాగం తీస్తే ఈలలు, వన్స్ మోర్లు. అంటరానితనానికి కాట్లో చోటు లేదట, అంటే ఎక్కడుందో వేరే చెప్పాలా? మా పాలేరు కూడా ఆ జనంలోనే కాస్త ఎడంగా కూర్చుని వినేవాడు. తెల్లారి ఇంటికొస్తే అతని సత్తు గ్లాసు వసారా చూరులో దోపి ఉండేది, తనే తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఇది నేను కళ్ళారా చూసిందే.

అదే మాట ఎవరైనా మామూలుగా మొహం మీద అంటే తాతయ్య కర్ర తీసేవాడు. మత్తేభం అనే పాత వృత్తంలో వచ్చేసరికి తనే గొంతెత్తి పాడాడు, అర్థం తర్వాత ఎప్పుడో గుచ్చుకుంది (గుచ్చుకుందనే అనుకుంటున్నా, చివరి రోజుల్లో ఆ పద్యం పాడమంటే పాడేవాడు కాదు).

1941లో వచ్చిన 'గబ్బిలం' చూడండి. కాళిదాసు 'మేఘదూతం'లో యక్షుడు భార్యకి మేఘంతో కబురు పంపితే, ఇక్కడ తంజావూరులో ఆకలితో ఉన్న ఒక అంటరానివాడు శివుడికి గబ్బిలంతో పంపుతాడు. ఎందుకంటే అతన్ని గుడిలోకి రానివ్వరు, గబ్బిలం మాత్రం లోపలే వేలాడుతుంది. శివుడి చెవికి దగ్గరగా ఉంటావు కాబట్టి 'పూజారి లేనివేళ' నా సంగతి చెప్పు అంటాడు. నాకైతే జాషువా పద్యం కూడా ఆ గబ్బిలంలాగే పనిచేసిందనిపిస్తుంది, ఆయన్ని గుమ్మం దగ్గర ఆపిన ఇళ్ళల్లోకి అది దర్జాగా వెళ్ళింది.

అలాగని అంతా మెత్తగా చెప్పాడనుకోకండి. 'నాల్గు పడగల హైందవ నాగరాజు' అని వర్ణాల్ని అదే కావ్యంలో అన్నాడు. ఇక్కడ విషం ఉన్న పామే ఈ బక్కవాడి గాలి సోకితే బుసకొడుతుంది! చెప్పులు కుట్టేవాడి పద్యంలో ఈ దేశం వాడి సేవకి 'అప్పు' పడిందంటాడు. లెక్కలు రాసేవాణ్ణి కదా, ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. జాలి చూపించమని అడగటం లేదు, బాకీ గుర్తుచేస్తున్నాడు. అంతకుముందు 1932లో రాసిన 'ఫిరదౌసి'లోనూ ఇదే గొడవ, పద్యానికో బంగారు నాణెం ఇస్తానని ఫిరదౌసి అనే పారశీక కవికి సుల్తాను మాట తప్పిన కథ.

మొదలుపెట్టేదైతే 'గబ్బిలం' మొదటి భాగం తీసుకోండి, లోపల్లోపల కాదు, పైకి చదవండి. మధ్యలో గబ్బిలం కైలాసానికి వెళ్ళే దారి వర్ణనలు విసుగనిపిస్తే దాటేయండి, నేనూ మొదటిసారి దాటేశాను.