చూపు బాగానే ఉంది, అమ్మకి రెటీనా పరీక్ష అవసరమా?

మీరు రాసినది: అమ్మగారిది సోంపేట, వయసు 52, తొమ్మిదేళ్లుగా షుగర్, పరగడుపున 140 ఉంటోంది, బీపీ మాత్ర వాడుతున్నారు, చూపు బాగుంది. మరి రెటీనా పరీక్ష ఎందుకని.

అవసరమేనండి, ఈ నెలలోనే చేయించండి. చూపు బాగుందన్న మాటని ఇక్కడ లెక్కలోకి తీసుకోకూడదు. రెటీనాలోని (కంటి వెనక గోడకి ఉండే చూపు పొర) సన్నటి రక్తనాళాలు ఉబ్బి, కారి, మూసుకుపోతున్నా నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. నట్టనడుమ ఉండే మాక్యులాలోకి నీరు చేరేదాకా, లేదా లోపల రక్తం చిమ్మేదాకా మనిషి బోర్డు మీది ఆఖరి వరుస కూడా చదివేస్తారు.

అన్నిటికంటే పెద్ద ముప్పు షుగర్‌తో గడిచిన ఏళ్లు. తొమ్మిదేళ్లన్నది బయటపడిన దగ్గర్నుంచి లెక్క. టైప్ 2లో (పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే షుగర్) అంతకుముందే కొన్నేళ్లు ఉండి ఉంటుంది. అందుకే వీళ్లకి షుగర్ తేలగానే మొదటి కంటి పరీక్ష చేయాలి. టైప్ 1 అయితే ఐదేళ్లలోపు. గడిచిన ఏళ్లని ఏమీ చేయలేం గానీ షుగరూ బీపీ మన చేతిలో ఉన్నాయి. 140 ఒక్క పూట అంకె. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి, చాలామందికి 7 లోపు ఉండాలి. బీపీ 130/80 లోపు. బ్రిటన్‌లో షుగర్ రోగుల మీద జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో (1998) బీపీని గట్టిగా అదుపు చేసిన వాళ్లలో రెటీనా జబ్బు ముదరడం 34 శాతం తగ్గింది. మన ఇళ్లలో అన్నం తగ్గిస్తారు గానీ ఎండుచేప, ఊరగాయ తగ్గించరు, ఆ ఉప్పంతా బీపీ మీదకే పోతుంది. చోడి (రాగి) అంబలి కూడా షుగర్‌కి మంచిదని చెంబుడు తాగితే షుగర్ పెరుగుతుంది.

మీది ఉద్దానం (శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం) కాబట్టి కిడ్నీ సంగతి విడిగా చెప్పాలి. కిడ్నీ పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రొటీన్) పరీక్ష రెండూ చేయించండి. కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది, ఒంట్లో నీరు నిలుస్తుంది. మూడూ రెటీనాకి చెరుపే. పైగా రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుదోవ పట్టించవచ్చు, ఇంట్లో గ్లూకోమీటర్ అంకెలతో పోల్చి చూడాలి. ఇంకో మాట: ఉద్దానం కిడ్నీ జబ్బు షుగర్ లేనివాళ్లకీ వస్తోంది. క్రియాటినిన్ పెరిగినా రెటీనా శుభ్రంగా ఉంటే, కిడ్నీ చెడడానికి వేరే కారణం ఉందేమోనని డాక్టర్లు ఆలోచిస్తారు. అందుకని కంటి రిపోర్టు కిడ్నీ డాక్టరుకీ చూపించండి.

షుగర్ చాలా ఎక్కువ ఉన్నవాళ్లకి ఇన్సులిన్ మొదలుపెట్టి గబగబా దించినప్పుడు, అప్పటికే రెటీనా దెబ్బతిని ఉంటే కొన్నాళ్లు ముదరవచ్చు. దానికి భయపడి ఇన్సులిన్ ఆపేయొద్దు, ముందే రెటీనా చూపించుకోవాలి. పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర కొందరిలో మాక్యులాలో నీరు చేరుస్తుంది, వాడుతుంటే కంటి డాక్టరుకి చెప్పండి. షుగర్ ఉన్న ఆడవాళ్లు గర్భం దాల్చితే మొదటి మూడు నెలల్లోనే రెటీనా చూపించుకోవాలి. శుక్లం ఆపరేషన్‌కి ముందు కూడా అంతే. చుట్ట, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) ఏదైనా మానాల్సిందే.

పరీక్షకి అమ్మగారిని ఒక్కరినీ పంపకండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి అరగంట కూర్చోబెడతారు. తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది. బండి నడపకూడదు, నల్ల కళ్లద్దాలు తీసుకెళ్లండి. కళ్లద్దాల షాపులో పవర్ చూడటం ఈ పరీక్ష కాదు. మందుల చీటీ, పాత రిపోర్టులు పట్టుకెళ్లి, రెటీనా జబ్బు ఏ దశలో ఉందో, మాక్యులాలో నీరుందో లేదో కాగితం మీద రాయించుకోండి. ఏమీ లేకపోతే ఏడాదికి, కొద్దిగా ఉంటే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, మధ్యస్థంగా ఉంటే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చూపించాలి.

ఈలోగా కళ్లముందు ఒక్కసారిగా నల్లచుక్కలు, సాలెగూడు, తెర దిగినట్టు కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే రెటీనా డాక్టరు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.