వాజమా, రెక్కా?

సందేహం: పెన్నలో రాళ్ల సందున దొరికిన చిన్న దొందుచేపను వర్ణిస్తూ "శ్రోణి వాజములు కలపబడి ఉన్నవి" అని రాశాను. "పొట్టకింది రెక్కలు" అంటే చాలదా అంటాడు మా మిత్రుడు. ఏది సాధువు?
– ఒక పాఠకుడు, కోవూరు

సమాధానం: రెండూ సాధువులే. నాకు గుచ్చుకున్నది "కలపబడి". ఎవరు కలిపారండీ? పుట్టుకతోనే కలిసిపోయిన వాటికి కర్మణి ప్రయోగం దేనికి? "కలిసిపోయి ఉన్నాయి" అనండి. శాస్త్రం రాయడానికి కూర్చుంటే చాలు, మనవాళ్ల వాక్యాలకు ఈ "బడు" పట్టుకుంటుంది.

ఇక వాజం. బాణం వెనక కట్టే ఈకకు పక్షం, వాజం అని రెండు పేర్లు చెప్పాడు అమరసింహుడు. వేదంలో వాజమంటే బలం, వేగం, పందెంలో గెలిచిన సొమ్ము కూడా. అది గలది వాజి. అమరకోశం నానార్థవర్గంలో వాజికి గుర్రం, బాణం, పక్షి అని మూడర్థాలు, మూడూ దూసుకుపోయేవే. అయితే ఈక పని బాణాన్ని గురి తప్పకుండా నిలపడం. చేప వీపురెక్క కూడా ఒళ్లు ఒరిగిపోకుండా నిలుపుతుంది. ఈ మాటను ఏరి తెచ్చిన పాఠ్యపుస్తకాలవారిని మెచ్చుకోవాలి.

దొందు దగ్గరే చిక్కు. దాని పొట్టకింది జత గిన్నెలా కలిసి, నేలనో రాతినో అంటిపెట్టుకోవడానికి పనికొస్తుంది. కదలకుండా నిలిపే అవయవానికి వేగం పేరేమిటి? నాకైతే "పొట్టకింది రెక్కలు" ముద్దు. పరీక్షకు రాసేవారు శ్రోణి వాజాలనే రాసుకోవచ్చు. "దొందూ దొందే"లోని దొందు నత్తిమాటల "రెండు" అంటారు. దాన్ని ఈ చేపకు చుట్టం చేయకండి.

ఇక మీ వర్ణన సంగతి. "చిన్నది, మచ్చలున్నది" అని రాస్తే ఏ దొందుకైనా సరిపోతుంది. గాజుపళ్లెంలో నీళ్లు పోసి, చేపను అందులో ఉంచి కిందినుంచి చూడండి. బయట తడికి విడి రెక్కలు కూడా అతుక్కుంటాయి. వలలో పొర చిరిగితే కలిసినవీ విడిగా కనిపిస్తాయి. నిజంగా విడిగా ఉంటే ఎలియోట్రిస్ వంటి దగ్గరి చుట్టమేమో చూడాలి. వీపున రెండు రెక్కలుంటాయి. ముళ్లనూ మెత్తని పుల్లలనూ వేరువేరుగా లెక్కపెట్టండి. 1822లో హామిల్టన్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించిన ఇసుకదొందుకు, అంటే గ్లోసోగోబియస్ గియురిస్‌కు, మొదటి రెక్కలో 6 ముళ్లు. కానీ చాలా దొందులకు అంతే. అందుకే ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ, కొస చీలిన నాలుక కూడా చూడాలి. పొడవు మూతినుంచి తోకరెక్క మొదలుదాకానే కొలవండి, తోక కొసలు విరుగుతాయి. రంగు బతికుండగానే రాయాలి, చేపను చెడకుండా దాచే ఫార్మలిన్ ద్రవంలో వెలిసిపోతుంది. ఇవన్నీ సరిపోయేదాకా "గ్లోసోగోబియస్ కావచ్చు" అని రాయండి.