ప్లగ్ మారిస్తే వోల్టేజీ మారదండీ

120 వోల్టుల దేశం నుంచి తెచ్చిన లాప్‌టాప్, మిక్సర్, హెయిర్ డ్రయ్యర్‌లను 230 వోల్టుల ఇంట్లో ప్లగ్ అడాప్టర్ పెట్టి వాడొచ్చా అని అడిగారు. లాప్‌టాప్‌తో పేచీ లేదు. చార్జర్ మీద చిన్న అక్షరాల్లో "ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే అడాప్టర్ చాలు.

డ్రయ్యర్‌ను మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. వోల్టేజీ రెట్టింపైతే హీటర్ తీగ లాగే పవర్ నాలుగింతలవుతుంది. అంటే 1500 వాట్లది దాదాపు 5500 వాట్లు లాగబోయి క్షణాల్లో మాడిపోతుంది. దానికి సరిపడా స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే) ట్రాన్స్‌ఫార్మర్ మొయ్యలేనంత బరువుంటుంది. 230 వోల్టుల డ్రయ్యర్ ఇంకొకటి కొనుక్కోవడమే నయం.

మిక్సర్‌కు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది కనుక, మిక్సర్ 300 వాట్లదైతే నేనైతే 750 వాట్లకు తగ్గనివ్వను. అరచేతిలో ఇమిడేంత తేలికైన కన్వర్టర్ల మీద 1600 వాట్లని రాసి ఉంటుంది, చూసి మోసపోకండి. అవి హీటర్ల కోసమే. మోటార్లకు, ఎలక్ట్రానిక్స్‌కు పనికిరావు.

ఇంకో సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ కరెంటు ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ నుంచి 60 చెయ్యదు. మిక్సర్లలో మామూలుగా ఉండే కార్బన్ బ్రష్షుల మోటారుకు దాంతో పనిలేదు. నా దగ్గరున్న పాత ప్లగ్ గడియారం మాత్రం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే నడిచే రకం, గంటకు సరిగ్గా 10 నిమిషాలు వెనకబడేది!

మిక్సర్ పని అయ్యాక గోడ దగ్గరే స్విచ్ ఆపేయండి. ఖాళీగా ఉన్నా ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటూ కరెంటు తింటూనే ఉంటుంది.