బెయిలు డబ్బు కట్టేముందు: టెక్సస్‌లో మనవాళ్లు అరెస్టయితే

"మా రూమ్మేట్‌ని పోలీసులు పట్టుకెళ్లారు, బెయిలుకు ఎంతవుతుంది?" అందరూ మొదట అడిగేది ఇదే. నిజానికి దీనికంటే ముందు రెండు సంగతులు తేలాలి: మనిషి ఏ జైల్లో ఉన్నాడు, అతని మీద ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) హోల్డ్, అంటే వదలకుండా ఆపమన్న కాగితం, ఏమైనా ఉందా.

బెయిలు విషయంలో అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. ఇలినాయ్‌లో 2023 సెప్టెంబరు నుంచి డబ్బు కట్టే బెయిలే లేదు. న్యూజెర్సీలో 2017 నుంచి దాదాపు లేనట్టే. ఇక్కడ రాసేది టెక్సస్ సంగతి, అందులోనూ డాలస్ చుట్టుపక్కలది.

ఏ జైలన్నది కౌంటీని (మన జిల్లాలాంటిది) బట్టి ఉంటుంది. అర్వింగ్‌లో పట్టుకుంటే డాలస్ కౌంటీ. ఫ్రిస్కో అయితే కాలిన్ కావచ్చు, డెంటన్ కావచ్చు, ఊరు రెండింట్లోనూ ఉంది. ముందు ఊరి పోలీసుల లాకప్‌లో ఉంచి, తర్వాత కౌంటీ జైలుకు పంపడం మామూలే. అందుకే మొదటి కొన్ని గంటలు షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) వెబ్‌సైట్లో పేరు కనబడకపోతే కంగారు పడొద్దు. పేర్లతో ఇంకో తంటా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ల వీసాలో అసలు పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, మొదటి పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. జైలు రికార్డులోనూ అలాగే ఎక్కవచ్చు. పాస్‌పోర్టులో ఉన్నట్టు ఒకసారి, ముందువెనకలు మార్చి ఇంకోసారి వెతకండి. దొరకగానే బుక్-ఇన్ నంబరు (జైల్లో చేర్చుకున్నప్పుడు ఇచ్చేది), అభియోగం, బాండ్ (బెయిలు పూచీ) మొత్తం రాసిపెట్టుకోండి.

అరెస్టయిన 48 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. బాండ్ ఎంతన్నది అక్కడే తేలుతుంది. అదృష్టం బాగుంటే సొంత పూచీకత్తు మీద, అంటే పీఆర్ బాండ్ మీద వదులుతారు. లేదంటే దారులు రెండు. క్యాష్ బాండ్ అయితే మొత్తం సొమ్ము కౌంటీకి కట్టాలి, వాయిదాలకు సరిగ్గా వెళ్తే కేసు ముగిశాక వెనక్కి వస్తుంది. రసీదులో ఎవరి పేరుంటే వాళ్లకే వస్తుంది కనుక, నలుగురు స్నేహితులు చందా వేసుకుని కట్టేటప్పుడు ఆ పేరు ఎవరిదో అప్పుడే తేల్చుకోండి. రెండోది బెయిల్ బాండ్స్‌మన్, అంటే ఫీజు తీసుకుని పూచీ ఇచ్చే వ్యాపారి. సాధారణంగా పది శాతం తీసుకుంటాడు. 5,000 డాలర్ల బాండ్‌కు 500, అది అతని ఫీజు, తిరిగి రాదు. కో-సైన్ చేసేవాళ్లు ఇక్కడే మోసపోతారు: మనిషి వాయిదాకు రాకపోతే మొత్తం 5,000 సంతకం పెట్టినవాళ్ల నెత్తిన పడుతుంది. ఊళ్లో జామీను సంతకం పెట్టినట్టు మొహమాటానికి పెట్టేది కాదిది. డబ్బు కట్టాక కూడా బయటికి రావడానికి గంటలు పడుతుంది.

ఇక హోల్డ్ సంగతి. ఐస్ వాళ్లు జైలుకు డిటైనర్ కాగితం పంపితే, కౌంటీ బాండ్ కట్టేశాక అతను ఇంటికి రాడు. ఐస్ వచ్చి తీసుకుపోయేందుకు మరో 48 గంటల దాకా ఉంచమని ఆ కాగితం అడుగుతుంది. అంటే మీ 500 పోయినట్టే, మనిషి ఇంకో జైలుకు మారినట్టే. కాబట్టి బాండ్స్‌మన్‌కు కార్డు నంబరు చెప్పేముందు జైలుకు ఫోన్ చేసి "హోల్డ్స్ ఏమైనా ఉన్నాయా" అని ఒక్క మాట అడగండి. ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడి తర్వాతే డబ్బు తీయండి. ఐస్ నిర్బంధం నుంచి బయటికి రావడానికి కట్టే ఇమిగ్రేషన్ బాండ్ వేరు, దాని కనీస మొత్తమే 1,500 డాలర్లు, అదీ ఇస్తే.

జైలు నుంచి వచ్చే ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు, అనువదించేవాళ్లు దొరుకుతారు. "ఏమైందిరా" అని అడగకండి. ఆరోగ్యం, మందులు, లాయరు, అంతవరకే.

భార్యాభర్తల గొడవలో 911కు ఫోన్ వెళ్లిన కేసుల్లో బెయిలు వచ్చినా ఇంటికి వెళ్లే వీలుండకపోవచ్చు. మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇస్తే అది సాధారణంగా 31 నుంచి 61 రోజులు ఉంటుంది. "నేనే కేసు వెనక్కి తీసుకుంటా, ఇంటికి రా" అని భార్య పిలిచినా వెళ్తే మళ్లీ అరెస్టే. కేసు నడిపేది ప్రాసిక్యూటర్, ఆమె కాదు. తాగి బండి నడిపిన కేసయితే లైసెన్సు కోసం వేరే విచారణ అడగాలి, సస్పెన్షన్ నోటీసు అందిన 15 రోజుల్లో. బెయిలు హడావుడిలో ఈ గడువు దాటిపోయేవాళ్లే ఎక్కువ. ఇలాంటి అరెస్టుతోనే పాస్‌పోర్టులో స్టాంపు వేసిన వీసా రద్దయినట్టు ఈమెయిల్ రావచ్చు. అంతమాత్రాన ఇక్కడి స్టేటస్ పోదు గానీ, దేశం దాటితే మళ్లీ వీసా కావాలి.

మన దగ్గరలా ముందస్తు బెయిలు ఇక్కడ లేదు. వారంట్ ఉందని ముందే తెలిస్తే లాయరు ద్వారా బాండ్ సిద్ధం చేసుకుని తనంతట తానే లొంగిపోవడం నయం. లాయరుకు డబ్బు లేకపోతే కోర్టునే అడగొచ్చు, పౌరుడు కానివాళ్లకూ ఆ హక్కుంది. నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్‌పై పడే ప్రభావం చెప్పాల్సిన బాధ్యత క్రిమినల్ లాయరుదేనని అమెరికా సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. "చిన్న ఫైన్‌తో పోతుంది, ఒప్పేసుకో" అంటే ఆ ప్రభావం కాగితం మీద రాసివ్వమనండి. హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌కు కబురు దానంతట అది వెళ్లదు, చెప్పమని అడగాలి.

కేసు కొట్టేసినా వీసా దరఖాస్తులో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. రికార్డు చెరిపించుకునేముందే కోర్టు క్లర్కు దగ్గర సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) కాపీలు రెండు మూడు తీసి పెట్టుకోండి. చెరిపేశాక అడిగితే ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు.