భీమవరంలో చిన్న డిజైన్ సంస్థ: పని ఉంది, డబ్బు నిలవట్లేదు. హైదరాబాద్ వెళ్లిపోవాలా?

మీరు అడిగింది ఇదీ: ఇద్దరు స్నేహితులు భీమవరంలో మూడేళ్లుగా వెబ్‌సైట్లు, లోగోలు చేస్తున్నారు. పనికి లోటు లేదు, కానీ ప్రతి నెలా అద్దె రోజు వచ్చేసరికి టెన్షన్. ఒకరు హైదరాబాద్ మారిపోదాం అంటున్నారు, ఇంకొకరికి కాళ్లు రావడం లేదు.

నాది పాలకొల్లు. నాన్న డీటీపీ సెంటర్‌లో ఒక మూల కంప్యూటర్ పెట్టుకుని 2014లో మొదలుపెట్టాను. ఇప్పుడు ఆరుగురం. మీరున్న చోట నేను నాలుగేళ్లు ఇరుక్కుపోయి ఉన్నాను. మీ ఇబ్బంది ఊరిది కాదు. డబ్బు ఎప్పుడు అడుగుతున్నారు, దేనికి అడుగుతున్నారు, తేడా అక్కడుంది. అది మారకుండా హైదరాబాద్ వెళ్తే అవే బకాయిలు, పెద్ద అద్దె.

ముందు "ఎప్పుడు" సంగతి. నా మొదటి పెద్ద పని ఒక రొయ్యల మేత డీలర్‌ది. సైటు, లోగో, బ్రోచరు కలిపి 60 వేలు మాట్లాడుకున్నాం. 10 వేలు చేతిలో పెట్టి, "మిగతాది పట్టుబడి అయ్యాక ఇచ్చేస్తానమ్మా" అన్నారాయన, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మాక. ఆయనకి సొంత చెరువులు కూడా ఉన్నాయి. వనామీ రొయ్య అంటే మూడు, నాలుగు నెలల పంట కదా, సంక్రాంతికి చేతికొచ్చేస్తుందని నేనూ లెక్కేసుకున్నాను. నలభయ్యో రోజున వైట్ స్పాట్ జబ్బు తగిలింది. వంద కౌంటుకి (కిలోకి వంద రొయ్యలు తూగే సైజు) కూడా రాకముందే పట్టేసి అయినకాడికి అమ్ముకున్నారు. ఆ ఇంటికెళ్లి 50 వేలు ఇమ్మని ఏ మొహంతో అడుగుతాను? అడగలేకపోయాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది: ఆయన చెరువులో నేనూ పెట్టుబడి పెట్టాను, కాకపోతే లాభం వస్తే నాకు వాటా లేదు.

మన వైపు డబ్బుకి సీజను ఉంటుంది. సార్వా (వానాకాలం వరి) కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రెండో పంట) ఏప్రిల్లో. స్కూళ్లూ కాలేజీలూ మార్చిలో మనల్ని పరిగెత్తించి, అడ్మిషన్లు అయిపోయాక ఫోన్ ఎత్తవు. స్వీట్ల వాళ్లకి సంక్రాంతి, పెళ్లిళ్లు. మీ పాత బిల్లులన్నీ తీసి, ఎవరు ఏ నెలలో ఇచ్చారో ఒక కాగితం మీద రాసి చూడండి. నేను రాసి చూశాకే పద్ధతి మార్చాను. ఇప్పుడు 50 శాతం ముందు, డిజైన్ ఒప్పుకున్న రోజు 30, సైటు జనానికి కనపడే ముందు 20. ఆ చివరి 20 వచ్చేదాకా డొమైన్‌ని, అంటే సైటు చిరునామాని, కొత్త సైటుకి తిప్పం. పట్టుబడికీ కోతలకీ, కువైట్ నుంచి బావమరిది రావడానికీ దేన్నీ ముడిపెట్టం. మొదటి ఏడాది ముగ్గురు వెళ్లిపోయారు. వాళ్లలో ఇద్దరు వేరేచోట చేయించుకుని మళ్లీ మా దగ్గరికే వచ్చారు.

ఈ షరతులు నోటితో చెప్తే లాభం లేదు. మనవాళ్లకి కాదనడం అమర్యాద. "ఆయ్, అలాగేనండి" అంటే విన్నారని, అంతే. "చూద్దాం లెండి" అంటే వద్దని. అందుకే ఒక పేజీ ఒప్పందం రాసి ఇస్తాం, అదీ తెలుగులో. ఇంగ్లీషులో ఇచ్చినన్నాళ్లూ చదవకుండా సంతకం పెట్టేసేవారు. తెలుగులో ఇస్తే ప్రతి లైనూ చదివి బేరమాడతారు. ఆ బేరం పని మొదలవకముందే అయిపోవడం నాకు కావలసింది.

(ఆడపిల్లలు ఎవరైనా ఈ వ్యాపారంలో ఉంటే వాళ్ల కోసం ఒక మాట. మొదట్లో నేను బిల్లు అడిగితే "నాన్నగారు కనపడతారులే అమ్మాయ్, ఆయనకి ఇచ్చేస్తా" అనేవారు. నాన్న కనపడితే ఆయనేమో మొహమాటానికి "దానిదేముందండీ" అనేవారు. బిల్లు మీద నా పేరు, నా బ్యాంకు ఖాతా క్యూఆర్ కోడ్ వేయించాక ఆ నాటకం ఆగింది. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే కథ.)

ఇక "దేనికి". సైటు చేసి అప్పజెప్పి ఒకేసారి డబ్బు తీసుకుంటే, ప్రతి నెలా ఒకటో తారీఖున మీరు సున్నా నుంచి మొదలుపెట్టాలి. నన్ను నిలబెట్టింది సాలీనా ఒప్పందాలు: హోస్టింగ్ (సైటుని నెట్‌లో ఉంచే సర్వరు చోటు), బ్యాకప్, అప్‌డేట్లు, నెలకి కొన్ని మార్పులు, పండగ పోస్టర్లు. "కట్టేశాక ఇంకా ఏటా డబ్బులేంటండీ" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. "చెరువు తవ్వడం ఒక ఖర్చు, ఏరియేటర్లు తిప్పడం ఒక ఖర్చు కదండీ" అంటాను (నీళ్లలోకి గాలి ఆడించే మిషన్లు అవి). మన ప్రాంతంలో దీనికి మించిన ప్రజెంటేషన్ అక్కర్లేదు. సైటుని బట్టి ఏడాదికి 12 వేల నుంచి 30 వేలు తీసుకుంటాం, ఇప్పుడు 46 మంది కడుతున్నారు. జీతాల్లో ముప్పాతిక వంతు వాటితోనే గడిచిపోతోంది. రెన్యూవల్ తేదీ కూడా ఎవరి చేతిలో డబ్బాడే నెలలో వాళ్లకి పెట్టాం. రైసు మిల్లుకి జనవరి, స్కూలుకి జూన్, పూతరేకుల వాళ్లకి సంక్రాంతి వెళ్లాక.

డొమైన్ మాత్రం ఎప్పుడూ క్లయింటు పేరు మీద, వాళ్ల మెయిల్, వాళ్ల ఫోన్ నంబరుతోనే కొనండి. మన పేరు మీద ఉంటే క్లయింటు ఎక్కడికీ పోడని కొందరు అనుకుంటారు. ఒక లేసు ఎగుమతిదారు ఏడుపు మొహంతో మా దగ్గరికి వచ్చారు. పాత డిజైనర్ తన పేరు మీద డొమైన్ కొని, బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, ఫోన్ మార్చేశాడు. గడువు దాటిపోయింది. డాట్ కామ్ అయితే రిజిస్ట్రార్ ఇచ్చే గడువు కూడా దాటాక 30 రోజుల రిడెంప్షన్ ఉంటుంది, అప్పుడు పెద్ద ఫీజు కట్టి పాత యజమానే వెనక్కి తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఇంకో 5 రోజులకి ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇక్కడ రికార్డుల్లో యజమాని ఆ డిజైనరే. విదేశీ బయ్యర్లందరి దగ్గరా పాత మెయిల్ ఐడీ ఉంది. ఆయన నష్టం మాటెలా ఉన్నా, డిజైన్ వాళ్లంటేనే ఆయనకి నమ్మకం పోయింది. మాకు ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వడానికి నెల పట్టింది.

బ్రాండింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే డబ్బు అక్కడే ఉంది, మన ఊళ్లలో దాన్ని లోగో అనుకుని 3 వేలకి అమ్మేస్తున్నాం. ఆత్రేయపురం వెళ్లి చూడండి. ఏ బోర్డు మీదైనా పెద్ద అక్షరాల్లో ఊరి పేరు, పూతరేకులు. షాపు పేరు కింద చిన్నగా. హైదరాబాద్‌లో ఆ డబ్బా తిన్న మనిషికి ఊరు గుర్తుంటుంది, షాపు గుర్తుండదు, మళ్లీ కొనాలంటే ఎదురుగా కనపడినవాళ్ల దగ్గర కొంటాడు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అది ఊరివాళ్లందరి ఉమ్మడి సొత్తు, ఏ ఒక్కరూ తమ బ్రాండ్ అనుకోవడానికి లేదు. కాబట్టి ఊరు పేరు పక్కన నిలబడే సొంత పేరు ఒకటి కావాలి. ఆ పేరు వెతకడం, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో ఎవరికైనా ఉందేమో చూడటం, డొమైన్ దొరుకుతుందో లేదో చూడటం, దాన్ని డబ్బా మీద, సంచి మీద, బిల్లు మీద ఒకేలా కనపడేట్టు చేయడం, ఇదంతా కలిపి అమ్మండి. ట్రేడ్‌మార్క్‌కి సరుకుల్ని క్లాసులుగా విడదీస్తారు, స్వీట్లు క్లాస్ 30 కిందికి వస్తాయి. వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకి ఫీజు 4,500 రూపాయలు, రిజిస్టరైతే 10 ఏళ్లు ఉంటుంది. దరఖాస్తు మాత్రం లాయరుతోనో ఏజెంటుతోనో పెట్టించండి, మనం చేతులు పెట్టొద్దు. అలా చూపించిన మొదటిసారి 45 వేలు అడిగాను, బేరం లేకుండా ఇచ్చారు. నేనే కంగారుపడ్డాను.

డబ్బాల పనిలో దెబ్బ కూడా తిన్నాను. లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు 14 అంకెలు. మేం ఒక అంకె తప్పు కొట్టాం, క్లయింటు వాట్సాప్‌లో బొటనవేలు చూపించారు, 5,000 డబ్బాలు అచ్చయిపోయాయి. ఆ బొటనవేలు దేనికి ఒప్పుకోలు అన్న దాని మీద వారం గొడవ. చివరికి ఖర్చు సగం సగం. అప్పటి నుంచి నంబరు, బరువు, ఎమ్మార్పీ, తేదీల చోటు, శాకాహార గుర్తు ఒక్కొక్కటీ టిక్ పెట్టి, కాగితం ప్రూఫ్ మీద సంతకం పెడితేనే ప్రెస్సుకి పంపుతాం. అలాగే పౌచ్‌లకి గ్రావ్యూర్ ప్రింటింగ్ చేయిస్తుంటే ఒక్కో రంగుకీ ఒక్కో సిలిండరు చెక్కించాలి. ఏడు రంగుల డిజైన్ స్క్రీన్ మీద చూసి మురిసిపోయిన క్లయింటు సిలిండర్ల బిల్లు చూసి మనల్నే తిడతాడు. మూడు రంగుల్లో తేల్చగలిగితే మన ఫీజు ఆయనకి అక్కడే కిట్టిపోతుంది.

మనుషుల విషయం. ఇంజనీరింగ్ కాలేజీల నుంచి తీసుకున్న ముగ్గురు పిల్లలూ ఏడాదిలోపే హైదరాబాద్ బస్సెక్కారు. తప్పు పట్టను. తర్వాత నేను డీటీపీ సెంటర్లలో పనిచేసే అమ్మాయిల్ని తీసుకున్నాను. పెళ్లయి ఇక్కడే స్థిరపడినవాళ్లు, కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ వాళ్లకి మంచినీళ్లు, అచ్చుతప్పు పది అడుగుల దూరం నుంచి కనిపెడతారు. వెబ్ పని ఆరు నెలల్లో నేర్పించాను. తెలుగు అక్షరం మీద వాళ్లకున్న కన్ను మాత్రం నేను ఎవరికీ నేర్పలేను. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో ఉన్న పాత పాంప్లెట్ కాపీ చేసి సైటులో పెడితే పిచ్చి గీతలొస్తాయి, ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనపడే యూనికోడ్‌కి మార్చాలి. లైన్ల మధ్య ఇంగ్లీషుకి సరిపోయే ఖాళీనే తెలుగుకీ పెడితే పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. పాత ఫొటోషాప్ వెర్షన్లలో దక్షిణాసియా భాషల ఆప్షన్ పెట్టకపోతే వత్తులు విడిపోతాయి. పెద్ద ఊళ్ల సంస్థలు చేసిన తెలుగు సైట్లలో ఇవన్నీ కనపడుతూనే ఉంటాయి. రామభద్ర, మండలి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి. హైదరాబాద్ వాళ్లు మన దగ్గర కొనుక్కునే సరుకు ఏదైనా ఉందంటే ఇదే.

పన్నుల గురించి ఆడిటర్ని అడగండి, నేను రెండే చెప్తాను. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, మన పనికి 18 శాతం. చిన్న షాపులకి ఆ 18 శాతం వెనక్కి రాదు కాబట్టి రేటు పెంచినట్టే అనిపిస్తుంది. 15 లక్షల దగ్గరున్నప్పుడే క్లయింట్లకి చెప్పి ఉంచండి. రెండోది ఉద్యమ్, అంటే చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్, ఉచితం. అది ఉంటే రాతపూర్వక ఒప్పందం ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లో మీకు డబ్బు చెల్లించాలి. కాలేజీలు, ఎగుమతి కంపెనీల అకౌంటెంట్లకి ఆ సంగతి బాగా తెలుసు, బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేసి పంపిస్తే చాలు.

భీమవరం కాబట్టి మీ క్లయింట్లలో సగానికి పైగా ఆక్వా వాళ్లే అయి ఉంటారు. 2025 ఆగస్టులో మన దేశపు సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మా ఆక్వా క్లయింట్లు ఒక్క వారంలో కొత్త పనులన్నీ ఆపేశారు. మాకు అప్పటికి వాళ్లు మూడో వంతే కాబట్టి ఊపిరి ఆడింది. కడియం నర్సరీలు, అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు, నరసాపురం లేసు, చుట్టుపక్కల ఆసుపత్రులు, వీళ్లలో ఎవరి దగ్గరికైనా వెళ్లండి. టిఫిన్ సెంటర్‌కి మాత్రం సైటు అమ్మకండి. గూగుల్ మ్యాప్‌లో ఉచితంగా పేరు పెట్టించి, రెండు ఇడ్లీలు తిని వచ్చేయండి. నాకు అలా పెట్టించిన ఒకాయన ద్వారానే రైసు మిల్లు పని వచ్చింది.

మీ స్నేహితుడికి హైదరాబాద్ మీద మనసుంటే నెలకి నాలుగు రోజులు వెళ్లమనండి, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. అక్కడ స్థిరపడిన మన జిల్లా వాళ్ల వ్యాపారాలు బోలెడు, మాకు అక్కడి నుంచి వచ్చిన నలుగురు క్లయింట్లూ అలా దొరికినవాళ్లే. ఆఫీసు అద్దె మాత్రం భీమవరంలోనే కట్టండి.

ఒకటి అడగడం మర్చిపోయాను. మీ ఇద్దరి మధ్య వాటాల కాగితం ఏమైనా ఉందా? ఒకరు వెళ్లిపోతే ఆ సాలీనా క్లయింట్లు, బకాయిలు ఎవరివి? మీరు రాయలేదు. లేకపోతే రేపు ఆడిటర్ దగ్గరికి వెళ్లేది ముందు దాని కోసమే అవ్వాలి, జీఎస్టీ తర్వాత అడగొచ్చు.